నోరు తెరిచి ఉంచిన ముగ్గు

మా జువాలజీ మేడమ్ చనిపోయారని తెలిసినప్పుడు నేను తొర్రూరు నుంచి వరంగల్ వచ్చే బస్సులో ఉన్నాను. నా ఒళ్ళో ఎనిమిది కిలోల బియ్యప్పిండి సంచి ఉంది.

కాలేజీ సైన్స్ ఎగ్జిబిషన్‌లో వేసే ముగ్గు కోసం మేడమ్ తెమ్మన్నందుకే ఆ పిండి తెస్తున్నాను. ముందురోజు అమ్మ నూకలు చెరిగి ఇస్తే గిర్నీకి తీసుకుపోయి సన్నగా పట్టించాను. బస్సు వర్ధన్నపేట దాటుతుండగా మా బీఎస్సీ రెండో సంవత్సరం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "జువాలజీ మేడమ్ పొద్దున పోయిండ్రట." దాని కింద నా స్నేహితురాలు రమ్య "ఏడికి?" అని అడిగింది. ఆ ఒక్క మాట కింద చాలాసేపు ఏమీ రాలేదు. అంతసేపు ఏమీ రాకపోవడంతోనే నాకు అర్థమైంది.

గ్రూపు మూసి, ముందురోజు సాయంత్రం మేడమ్ నాకు పంపిన వాయిస్ మెసేజ్ తెరిచాను. "బిడ్డా, రాతిపిండి తేకు. బియ్యప్పిండే తే. గీతలన్నీ మీరే గియ్యిండ్రి. చుక్కలు మాత్రం నేను పెడ్త. రేపు వచ్చినంక చెప్త." వెనకాల కుక్కర్ కూత వేసింది. ఆ కూత అయిపోయేదాకా ఆగి, "సరేనా?" అన్నారు. మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ కూత అదే చోట వచ్చింది, మేడమ్ అదే చోట ఆగారు, అదే గొంతుతో సరేనా అన్నారు. ఆ గొంతులో ఏ తేడా దొరకలేదు.

పక్క సీట్లో కూర్చున్న ముసలామె నా మొహం చూసింది. "ఏమైంది బిడ్డా?"

"మా మేడమ్ పోయింది."

"ఎన్నేండ్లుంటయ్?"

"నలభై ఆరు."

"పానం మంచిగ లేకుండెనా?"

"నిన్ననే మాట్లాడింది అవ్వా. నిన్న సాయంత్రం."

ఆమె కాసేపు కిటికీలోంచి చూసి అంది. "ఇయ్యాల పోయేటోల్లు నిన్న మాట్లాడకుంట ఉంటరా బిడ్డా. అందరు నిన్న మాట్లాడినోల్లే."

బస్టాండులో దిగి హాస్టల్‌కు పోకుండా నేరుగా మేడమ్ ఇంటికి ఆటో ఎక్కాను. హనుమకొండలో ఒక సన్నటి గల్లీలో ఆ ఇల్లు. మేడమ్, వాళ్ళమ్మ ఇద్దరే ఉంటారు. గల్లీ నిండా జనం. చెప్పులు విడిచి ముందుకు పోతుంటే కాళ్ళ దగ్గర ముగ్గు కనపడింది. పేడనీళ్ళ సాన్పు చల్లిన నేల ఇంకా పూర్తిగా ఆరలేదు. చుక్కల ముగ్గు. మూడు మూలలు అయిపోయాయి. నాలుగో మూలకు తిరిగే దగ్గర గీత ఆగిపోయి, అక్కడ గుప్పెడు పిండి కుప్పగా పడి ఉంది. మేడమ్ ముగ్గు వేస్తూ వేస్తూనే ముందుకు ఒరిగారట. గుండెపోటు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. ఎత్తుకున్న వాళ్ళ అడుగులు ఆ ముగ్గు మీద పడి ఉన్నాయి.

నేను ఆ కుప్ప దగ్గరే నిలబడిపోయాను. గుమ్మం దగ్గరున్న ఒకామె నా సంచిని చూసింది. నా నల్ల చున్నీ అంతా తెల్లగా ఉంది.

"గదేం పిండి పిల్లా?"

"ముగ్గుపిండి" అనేశాను.

"సావింటికి ముగ్గుపిండి తెస్తరా ఎవలన్న? మతి ఉన్నదా నీకు?" అంది ఆమె. నిజమే. ఇంట్లో మనిషి పోతే ఆ వాకిట్లో దినాలు అయ్యేదాకా ముగ్గు పెట్టరు. ముగ్గు లేని వాకిలిని చూసే వీధిలో వాళ్ళకు సంగతి తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి ముగ్గులు వేసేదాన్ని, ఆ సంగతి మరిచిపోయి ఎనిమిది కిలోలు మోసుకొచ్చాను.

మా కాలేజీ ల్యాబ్ అటెండర్ కొమురన్న జనంలోంచి వచ్చి నా చేతిలోంచి సంచి తీసుకున్నాడు. "ఆ పిల్లనేమనకుండ్రి. మేడమే తెమ్మన్నది" అని వాళ్ళతో అని, నాతో మెల్లగా, "నేను ల్యాబుల పెడ్త తియ్యి. పో బిడ్డా, చూసి రా" అన్నాడు.

చూశాను. మొహం ఎక్కువసేపు చూడలేకపోయాను. చెయ్యి చూశాను. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ పిండి ఇంకా అంటుకొని ఉంది.

మా మేడమ్ మాకు మొదటి ఏడాది చేపల పాఠం చెప్పారు. పుస్తకంలో పాఠం అంతా సొరచేప గురించే. చివర్లో సొరచేపకు దగ్గరి బంధువులంటూ రే చేపల పేర్లు వరుసగా ఇచ్చి, అందులో మాంటా రే అని ఒక్క మాట రాసి వదిలేశారు. పరీక్షలో రాదు. ఆ ఒక్క మాటను మేడమ్ మూడు రోజులు చెప్పారు.

మేడమ్ కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. అటెండెన్స్ కూడా నడుస్తూనే తీసుకునేవారు. టిఫిన్ డబ్బా మూతలో జొన్నరొట్టె పెట్టుకొని ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి తినేవారు. "జర కూసోండ్రి మేడమ్" అని కొమురన్న స్టూలు జరిపితే, "మాంటా కూసుంటదా కొమురన్నా?" అనేవారు. మాంటా ఆగదు. నోరు తెరుచుకొని ముందుకు పోతుంటేనే నీళ్ళు మొప్పల మీదుగా పారతాయి, అప్పుడే దానికి ఊపిరి. పుట్టిన దగ్గర నుంచి పోయేదాకా ఈదుతూనే ఉండాలి. "నిద్రెట్ల మేడమ్?" అని రమ్య అడిగింది. "అది తెల్వదు. తెల్వనిది తెల్వదనే రాసుకో. గీత గొట్టి పెట్టుకో, ఎప్పటికన్న నువ్వే నింపుతవ్" అన్నారు మేడమ్. మా నోటుపుస్తకాల్లో అలాంటి ఖాళీ గీతలు చాలా ఉన్నాయి.

వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, "మేడమ్, వరంగల్ల సముద్రమే లేదు. గీ చేప మనకెందుకు?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వారు. "నీ గుండెకాయ నువ్వెప్పుడన్న చూసినవా?"

"లేదు మేడమ్."

"మరి దాని పాఠం సదువుతలేవా?"

ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే గుండె పాఠం ఉన్న పేజీలు తిప్పేస్తున్నాను.

మాంటాకు తల ముందు రెండు కొమ్ముల్లాంటివి ఉంటాయి. వాటిని చూసి పూర్వం నావికులు దాన్ని దెయ్యం చేప అన్నారట. మేడమ్‌కు ఆ పేరంటే కోపం. "కొమ్ములు కావు. గవి రెక్కలే. ఈదేటప్పుడు చుట్టుకుంటది, తినేటప్పుడు విప్పుతది" అని తన రెండు అరచేతులు నోటి దగ్గర దోసిలి పట్టి చూపించారు. ఆ దోసిలితో నీళ్ళను నోట్లోకి తోసుకుంటుంది. నీళ్ళు మొప్పల సందుల్లోంచి బయటికి పోతాయి, నీళ్ళలో తేలే సన్నటి జీవులు లోపల మిగిలిపోతాయి. జల్లెడ లాంటిది. ముల్లు లేదు, కాటు లేదు. పదిహేను మూరల వెడల్పున్న జీవి, చీమల కన్నా చిన్నవాటిని తిని బతుకుతుంది. "దెయ్యమంటరా దాన్ని? గంత సాధువును!" అనేవారు.

తిండి ఎక్కువగా దొరికిన చోట పదులకొద్దీ మాంటాలు చేరి, ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతాయట. అలా తిరిగితే నీళ్ళు సుడి పడి, తిండి అంతా దగ్గరకు వస్తుంది. మాకు నమ్మబుద్ధి కాలేదు. మేడమ్ కొమురన్న తెచ్చిన చాయ్ గ్లాసు తీసుకొని, చెంచాతో గిరగిరా తిప్పి వదిలి, మా ముందు పెట్టారు. అడుగున ఉన్న చాయపత్తా పొట్టు అంతా మెల్లగా నడిమికి వచ్చి కుప్ప పడింది. "చూసిండ్రా? మీరు బతుకమ్మ ఆడుతరు చూడు, అవి గట్ల ఆడుతాంటే అన్నం నడిమిట్లకు వస్తది." కొమురన్న ఆ గ్లాసు వైపు చూసి, "నా చాయ్ సల్లారవెడ్తిరి గద మేడమ్" అన్నాడు. ఆ చాయ్ ఆయన తన కోసం తెచ్చుకున్నదని అప్పుడు తెలిసింది. తర్వాత నెల రోజులు క్యాంటీన్‌లో చాయ్ తాగిన ప్రతిసారీ తిప్పి చూసుకున్నాం.

ఇంకా చెప్పేవారు. పగడపు దిబ్బల దగ్గర చిన్న చేపలు మాంటా ఒంటి మీద పురుగులను ఏరి తింటాయి. అందుకోసం మాంటాలు వరుసగా వచ్చి తమ వంతు కోసం ఆగుతాయి. "ఐతారం కటింగ్ షాపు ముందటి లెక్క" అనేవారు. చేపలన్నిటిలో పెద్ద మెదడు దానిదే. అద్దం ముందు పెడితే మళ్ళీ మళ్ళీ వచ్చి చూసుకుందట. తనను తాను గుర్తుపట్టిందా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. అక్కడ కూడా మాతో ఖాళీ గీత కొట్టించారు.

పోయిన ఏడాది సైన్స్ ఎగ్జిబిషన్‌కు ఏదైనా నమూనా చేయమంటే మేడమ్ మమ్మల్ని గ్రౌండుకు తీసుకుపోయారు. "నమూనా ఎందుకు, అసలు సైజే ఏద్దాం" అన్నారు. క్లాసు గదిలో పట్టదు, బోర్డు మీద పట్టదు. వాలీబాల్ కోర్టులో సగం కావాలి. చార్టులు అతికించడం ఎందుకు, ఇంతమంది ఆడపిల్లలకు ముగ్గు వచ్చు కదా అన్నది ఆమె ఆలోచన. "మగపిల్లలు పిండి మోయుండ్రి" అన్నారు. వాళ్ళు మోశారు. ఒకడైతే మొప్పలు కూడా గీశాడు, మాకంటే బాగా.

ముగ్గుల్లో చెయ్యి తిరిగినదాన్నని ముందు గీత నాకే ఇచ్చారు. ఒక రెక్క కొస నుంచి మొదలుపెట్టి, తల చుట్టూ తిప్పి, రెండో రెక్క మీదుగా తోక దాకా పోయి, మళ్ళీ మొదటికి తెచ్చి కలిపాను. ఎక్కడా చెయ్యి ఎత్తలేదు. లేచి నిలబడి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. మేడమ్ నోటి దగ్గరకు వచ్చి ఆగారు.

"నోరెందుకు మూసినవ్?"

"గీత తెగొద్దు కద మేడమ్. ముగ్గుల సందు వదిలితే మా అమ్మ తంతది."

"మీ అమ్మకు నేను చెప్తలే. జర నోరు తెరువు. లేకుంటే ఇప్పుడే సస్తది, ఇంత కష్టపడి ఏసినవ్."

అందరూ నవ్వారు. నేను కాలు ముందుకు పెట్టబోయాను. మేడమ్ ఆపి, తానే వంగి, అరచేతి అంచుతో ఆ గీతను జరిపి, మూరెడు సందు చేశారు. ముగ్గును కాలితో చెరపరు. సముద్రపు చేప దగ్గర కూడా ఆమె ఆ పద్ధతి వదలలేదు.

మాంటాను మేము వెల్లకిలా గీశాం. మేడమే అలా గీయమన్నారు, ఎందుకంటే చుక్కలు ఉండేది దాని కడుపు మీద. ఏ రెండు మాంటాలకూ చుక్కలు ఒక్కలా ఉండవు. మన వేలిముద్రల లాగా. పెద్దయినా మారవు. నీళ్ళలోకి దిగేవాళ్ళు కింద నుంచి దాని కడుపు ఫొటో తీసి, ఆ చుక్కలను బట్టే ఇది ఫలానాదని గుర్తుపడతారు, పేరు కూడా పెట్టుకుంటారు. "చుక్కలు లేకుంటే ఉట్టి చేప. చుక్కలుంటేనే మనిషి" అనేవారు మేడమ్. మనిషి అనే అనేవారు. గీతలన్నీ అయ్యాక ఒక్కరే లోపలికి పోయి, పుస్తకం చూడకుండా, ఫోను చూడకుండా, టకటకా చుక్కలు పెట్టి వచ్చారు.

"సచ్చిన చేప లెక్క వెల్లకిల ఉన్నది మేడమ్" అన్నాడు ఎవరో. మేడమ్ చేతికంటిన పిండి దులుపుకొని పక్కకు పోయారు.

తర్వాత ఒకరోజు ల్యాబ్‌లో గాజు జాడీలు తుడుస్తున్నప్పుడు నాకు, రమ్యకు చెప్పారు. ఎమ్మెస్సీ చదివేటప్పుడు టూరులో విశాఖపట్నం పోయారట. మరిపెడ దగ్గరి పత్తి చేలల్లోంచి వచ్చిన మనిషి, సముద్రం చూడటం అదే మొదలు. చేపల రేవులో ఒక మాంటా వలలో పడి వచ్చింది.

"సిమెంటు గచ్చు మీద వెల్లకిల ఏసిండ్రు. మా బ్యాచంత దాని రెక్క మీద నిలవడి ఫొటో దిగినం. నేను గూడ దిగిన బిడ్డా." జాడీ తుడవడం ఆపలేదు. "తర్వాత కోసిండ్రు. లోపల్నుంచి పిల్ల జారింది. సాప చుట్టినట్టు చుట్టుకొని ఉన్నది. మాంటా గట్లనే కంటది, రెక్కలు చుట్టిపెట్టి. నీళ్ళల్ల పడంగనే విప్పుకొని పోతది, తల్లి కోసం ఆగది. ఒక్క పిల్ల కోసం ఏడాదికి పైనే మోస్తది. మళ్ళ కొన్నేండ్ల దాక కనది. అది విప్పుకోనేలే."

మేడమ్ ఇంకో జాడీ అందుకున్నారు.

"నా బ్యాగుల నోట్‌బుక్ ఉండె. పెన్నుండె. చుక్కలు రాసుకోలె. రూముకు పోయినంక రాద్దామనుకున్న. పోయినంక యాదికి రాలె. చూసినప్పుడే రాసుకోవాలె బిడ్డా. తర్వాతంటే అన్ని కలిసిపోతయ్."

"మరి మన ముగ్గుల చుక్కలు ఎవరివి మేడమ్?" అని అడిగాను.

"నాకు తెల్సినామెయి" అని నవ్వి, జాడీ తీసుకొని అలమరా వైపు పోయారు.

ఎవరామె అని నేను అడగలేదు. ఈ ఏడాది అడగొచ్చులే అనుకున్నాను.

మేడమ్ పోయాక ఎగ్జిబిషన్ వాయిదా పడింది. పిండి సంచి ల్యాబ్ మూలన, గాజు జాడీల కింద ఉంది. రోజూ కనపడేది. రమ్య ఒకరోజు అంది, "మనం ఏద్దామే. మేడమ్ కోసం." నాకూ అదే ఉంది. కొమురన్న ఒప్పుకోలేదు. "మేడమ్ పోయినంక ముగ్గేంది బిడ్డా? మనిషి పోయిన కాడ ముగ్గు పెడ్తరా? చూసినోల్లు ఏమంటరు?" సావింటి గుమ్మం దగ్గర నేను పడ్డ మాట ఆయన మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు.

అది కాక, వేద్దామన్నా చుక్కలు లేవు. పోయిన ఏడాది ముగ్గును నేను ఫోనులో తీసుకున్నాను. ఇప్పుడు తీసి చూస్తే అది పక్క నుంచి తీసిన ఫొటో. ముందర రమ్య రెండు వేళ్ళు చూపిస్తూ నిలబడి ఉంది. వెనక కడుపు మీద చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి కనపడుతున్నాయి. ఎడమ మొప్పల దగ్గర మూడు వరుసగా ఉన్నాయని తెలుస్తోంది, దూరంగా ఒకటి విడిగా ఉందని తెలుస్తోంది. మిగతావి ఎన్నో, ఎక్కడో తెలియదు. ఎంత పెద్దగా చేసినా పిండే కనపడింది. చూసినప్పుడే రాసుకోవాలె అని చెప్పిన మనిషి చుక్కలను నేనూ రాసుకోలేదు. చుక్కలు లేకుండా వేస్తే అది ఉట్టి చేప. మేడమ్ ముగ్గు కాదు.

పన్నెండు రోజులు గడిచాయి. పదమూడో రోజు మధ్యాహ్నం మేడమ్ వాళ్ళమ్మ కాలేజీకి వచ్చింది. బిడ్డ సామాన్లు తీసుకుపోదామని వచ్చింది. మేడమ్ టిఫిన్ డబ్బా, ఒక శాలువా, ల్యాబ్‌లో వేసుకునే చెప్పులు. కొమురన్న అన్నీ ఒక సంచిలో సర్ది ఇస్తున్నాడు. నేను, రమ్య పక్కన నిలబడ్డాం. ఆమె చెప్పులను సంచిలోంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ లోపల పెట్టింది. అప్పుడు మూలన ఉన్న సంచి మీద చూపు పడింది.

"గదేంది?"

కొమురన్న నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. "పిండి అవ్వా" అన్నాను.

"రొట్టెల పిండా?"

"ముగ్గుపిండి."

తిడుతుందనుకున్నాను. ఆమె సంచి మూతి విప్పి, గుప్పెడు తీసి, వేళ్ళ సందుల్లోంచి జారవిడిచింది. "సన్నగ పట్టిచ్చినవ్. దీనితోనే చేపనేస్తరట గద? పోయినేడు ఇంటికొచ్చి చెప్పింది. ఈసారి ఏసిండ్రా?"

"లేదవ్వా. మేడమ్ పోయినంక ఎట్లేస్తమని..."

"దినాలైపాయె గద. నిన్న పొద్దున నా వాకిట్ల నేనే ఏసిన" అంది ఆమె. పిండి అంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. "అది ఆపిన మూల కాడికెంచే మొదలువెట్టి ఏసిన. ఇగ మీకేమడ్డం? ఏయుండ్రి, చూసి పోత."

కొమురన్న సంచి భుజానికెత్తుకొని గ్రౌండు వైపు నడిచాడు. నీళ్ళు కూడా ఆయనే చల్లాడు.

గ్రూపులో చెప్తే క్లాసులో సగం మంది వచ్చారు. అవ్వ వాలీబాల్ కోర్టు పక్కన మెట్టు మీద కూర్చుంది. నేను రెక్క కొస నుంచి మొదలుపెట్టాను. మొదటి గీత రెండుసార్లు లావుగా పడింది. తర్వాత కుదురుకుంది. తల చుట్టూ తిప్పి నోటి దగ్గరకు వచ్చి మూరెడు సందు వదిలి, అవతల నుంచి మళ్ళీ అందుకున్నాను.

"గీత తెగింది బిడ్డా" అంది అవ్వ మెట్టు మీద నుంచి. "కలుపు."

"కలుపొద్దవ్వా. నోరు మూస్తే అది బతకది."

"ఎవలన్నరు?"

"మేడమ్."

అవ్వ నోటి దగ్గరి సందును చూసింది. కాసేపటికి, "అట్లయితే ఉండనియ్యి" అంది.

మొప్పలు అయ్యాయి. తోక అయ్యింది. అందరూ లేచి బయటికి వచ్చారు. నేను ఒక్కదాన్నే కడుపు మధ్యలో పిండి గిన్నె పట్టుకొని నిలబడ్డాను.

"ఇంకేమున్నది, ఆగినవ్?" అంది అవ్వ.

"చుక్కలవ్వా. అవి మేడమే పెడ్తుండె. మాకు తెల్వదు. మూడు ఒక దిక్కు ఉంటయ్, ఒకటి దూరం ఉంటది. గంతే తెలుసు."

"మూడు ఏ దిక్కు?" అంటూ అవ్వ లేచి, కొంగు భుజం మీదికి వేసుకొని, చెయ్యి చాపింది. మోచేతి కింద ఆకుపచ్చగా పచ్చబొట్టు. పాతది, చర్మం ముడతల్లో మసకబారింది. మూడు చుక్కలు వరుసగా. వాటి కింద మూడు, కొంచెం వంకరగా. మణికట్టు దగ్గర విడిగా ఒకటి.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఫోను తీయాల్సిన పని లేకపోయింది.

"అవ్వా, ఇవి..."

"చిన్నప్పుడు పొడిపిచ్చిండ్రు. నా బిడ్డకు బడి లేనప్పుడు దీని మీద ఏలువెట్టి లెక్కవెడ్తుండె. ఏడు దాక లెక్క దీని మీదనే నేర్సింది" అని చెప్పి అవ్వ మా అందరి మొహాలూ చూసింది. "ఏమైంది? ఎందుకేడుస్తాండ్రు?"

కొమురన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను చెప్పాను. నాకు తెల్సినామెయి అని మేడమ్ అన్న మాట చెప్పాను. అవ్వ చాలాసేపు తన చెయ్యి తానే చూసుకుంది. తర్వాత నాతో పాటు ముగ్గులోకి నడిచి వచ్చింది. ఆమె చెయ్యి చాపి నిలబడింది, నేను వంగి ఒక్కొక్క చుక్కే పెట్టాను. ఏడోది ఆమెనే పెట్టమన్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టి, వంగలేక వంగి, నడుము మీద ఒక చెయ్యి పెట్టుకొని, పెట్టింది. చిన్న చుక్క, గుండ్రంగా, అంచు చెదరకుండా.

"పేరేం పెడ్దామవ్వా?" అంది రమ్య. "గుర్తువట్టినోల్లు పేరు పెట్టాలె."

"పేరెందుకు బిడ్డా" అంది అవ్వ. "చుక్కలున్నయ్ గద."

ఆ సాయంత్రమే నోటుపుస్తకంలో ఏడు చుక్కలూ ఎక్కడివక్కడ వేసుకున్నాను. ఇదంతా కూడా అందుకే రాస్తున్నాను. మేడమ్ లేరని నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. ల్యాబ్ తలుపు చప్పుడైతే తల తిప్పుతున్నాను. కుక్కర్ కూత విన్నప్పుడల్లా, ఆ కూత ఆగాక "సరేనా?" అని వినపడుతుందేమో అని ఆగుతున్నాను. నమ్మకం కుదిరేదాకా ఆగితే అన్నీ కలిసిపోతాయేమోనని భయం.

మరునాడు పొద్దున క్లాసుకు ముందే గ్రౌండుకు పోయాను. ఎవరూ తొక్కలేదు. కొమురన్న చుట్టూ ఇటుకలు పెట్టి, వాటి మధ్య తాడు కట్టి పోయాడు. ఎండ ఇంకా చెట్ల మీదే ఉంది. పదిహేను మూరల రెక్కలు చాపుకొని అది నేల మీద వెల్లకిలా ఉంది. దగ్గరకు పోయి చూస్తే గోడ వైపు నుంచి చీమలు బారు కట్టి వస్తున్నాయి. గీత ఎక్కడ తగిలినా అక్కడే పిండి ఉంది వాటికి. అవి మాత్రం గీత పక్కనుంచి నడిచి, తల దాకా వచ్చి, నోటి దగ్గర నేను వదిలిన సందులోంచి ఒకదాని వెనక ఒకటి లోపలికి పోతున్నాయి.